కుట్టు టీచరు

నా పోస్టు పోయింది.
కొరుక్కుపేట బడిలో ఇరవై రెండేళ్ళు
కాజాలూ హెమ్మింగూ గొలుసు కుట్టూ నేర్పిన చేతికి
జూన్‌లో ఒక కాగితం ఇచ్చారు:
ఇకపై మీరు కంప్యూటర్ సైన్సు.
చదివి, తిరగేసి, వెనకవైపు కూడా చూశాను,
గుడ్డ కొనేముందు చూసే అలవాటు కొద్దీ.

నలభై రోజుల ట్రైనింగు, సైదాపేటలో.
బీచ్ స్టేషన్లో రైలు మారి
చెమట పట్టిన నోటుపుస్తకంతో దిగేదాన్ని.
డ్రాయింగు మాస్టర్లు, ఒక సంగీతం టీచరు,
రిటైర్మెంటుకి మూడేళ్ళున్న హిస్టరీ విశాలాక్షమ్మ.
ఆవిడ మౌసుని వేడి గిన్నెలా కొంగుతో పట్టుకునేది.
నేర్పేవాడు కదిరవన్, మా అబ్బాయికంటే చిన్న.
"భయపడకండమ్మా, ఇది విరగదు" అనేవాడు తమిళంలో.
విరిగేది అది కాదని వాడికెలా తెలుస్తుంది?

మొదటి వారమంతా తెర నిండా ఎరుపే.
ఎక్కడో రెండు చుక్కలు పెట్టలేదట,
ఒకదాని మీద ఒకటి.
దుఃఖం అనే మాట నడుమ ఉంటాయే, అవే.
మా పిల్లలు వాటిని ఎగ్గొట్టి
దుక్కం అని రాసి హాయిగా సాగిపోతారు,
మనకీ అర్థమయిపోతుంది.
ఇది మాత్రం కదలదు.

రెండో వారం, లూపు దగ్గర, నా చెయ్యి గుర్తుపట్టింది.
గొలుసు కుట్టు!
సూది దిగిన చోటే మళ్ళీ లేస్తుంది,
ముందటి ఉంగరంలోంచే తర్వాతి ఉంగరం.
ఎక్కడ ఆపాలో ముందే అనుకోకపోతే
దారం అయిపోయేదాకా ఆగదు.
పైకే అనేశాను.
కదిరవన్ సుద్దముక్క కింద పెట్టి
"ఇంకోసారి చెప్పండి" అన్నాడు, రాసుకున్నాడు.

తప్పు వెతకడం నాకెవరూ నేర్పక్కర్లేదు.
చంక దగ్గర జాకెట్టు పట్టేస్తే
తప్పు చంకలో ఉండదు, భుజంలో ఉంటుంది.
విప్పుకుంటూ వెనక్కి వెళ్ళాలి, కత్తిరించకుండా.

*

బడిలో పదకొండు కంప్యూటర్లు, ఏడు వెలుగుతాయి.
ఫ్యాను ఉన్న గది అదొక్కటే, అందుకని పిల్లలొచ్చారు.
మోనిష రాలేదు.
కాశిమేడు రేవులో వాళ్ళ నాన్న చేపలు వేలం వేస్తాడు.
ఆ పిల్ల పక్కన నిలబడి
వంజరం ఎంతకి పోయిందో, నెత్తళ్ళెంతకో,
ఎవరి బాకీ ఎంతో, ఐసు ఖర్చు పోను మిగిలేదెంతో
కాగితం లేకుండా చెప్పేస్తుంది.
"కుట్టు టీచరు దగ్గర కంప్యూటరేంది" అందట.
తప్పు లేదు.

ఒక గురువారం మరిచిపోయిన గొడుగు కోసం వచ్చి
గుమ్మంలో ఆగింది.
బోర్డు మీద నేను చేపల బుట్టలు గీస్తున్నాను,
పక్కపక్కవి పోల్చి, చిన్నదాన్ని ముందుకు జరుపుకుంటూ.
"అట్లా రెండేసి చూస్తా పోతే
తెల్లారినా వేలం అవదు టీచర్.
పది బుట్టలకి సరే. లక్షకి?"

ముప్ఫై తలలు నావైపు తిరిగాయి.
ఇరవై రెండేళ్ళుగా క్లాసులో అనని మాట
పంటి కింద దారం కొసలా తగిలింది.
కొరికేశాను:
"నాకు తెలీదే. రా, చూద్దాం."

గొడుగు కింద పెట్టింది.
వాచ్‌మన్ వచ్చి తాళాలు గలగలలాడించేదాకా
బుట్టల్ని సగం చేశాం, ఆ సగాన్ని సగం చేశాం.
ముందు దొరికింది తనకే.
నాకు రైల్లో, వాషర్‌మెన్‌పేట దాటాక.

*

మార్చిలో ఇంకో కాగితం.
వచ్చే వేసవికి మరో నలభై మంది టీచర్లు కావాలి,
మీరు నేర్పగలరా?
నేర్పగలను. కానీ నా తర్వాత?
మోనిషని ఏ కాలేజీ ఎగరేసుకుపోతుందో,
ఏ గాజుమేడ ఎంత జీతం పలుకుతుందో
ఊహించగలను.
ఆ వేలంలో మా బడి పాట చాలదు.
నువ్వు టీచరువవుతావా అని
ఇంతవరకు అడగలేదు, అడిగే ధైర్యమూ లేదు.

నిన్న చూద్దును కదా,
చివరి బల్ల దగ్గర మా డ్రిల్లు మాస్టరు,
వచ్చే వేసవి జాబితాలో ఆయన పేరుంది,
పక్కన స్టూలు లాక్కుని మోనిష.
ఆయన తెర ఎర్రగా ఉంది.
తను కీబోర్డు ముట్టుకోలేదు.
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని
"వెనక్కి విప్పుకుంటా రండి సార్,
కత్తిరించొద్దు" అంటోంది.